పదో మనిషి తెర మీద ఉంటే లెక్కకొస్తాడా? కరోనా ఏడాదిలో సినగాగులు ఆన్‌లైన్‌కి వెళ్లిన తీరు

2020 ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. మనమంతా ఇళ్లలో టీవీల ముందు కూర్చుని చూశాం. మనసుకి వెలితిగానే ఉంది, కానీ కల్యాణం మాత్రం జరగాల్సిన పద్ధతిలోనే జరిగింది. అర్చకులున్నారు, ముహూర్తం ఉంది, తలంబ్రాలు పడ్డాయి, జనం రాలేదు కాబట్టి ఆ పెళ్లి చెల్లదని ఎవరూ అనలేదు. సరిగ్గా ఆ వారాల్లోనే న్యూయార్క్‌లో, లండన్‌లో, జెరూసలేంలో యూదులకి ఎదురైన చిక్కు దీనికి పూర్తిగా వేరు. వాళ్ల ప్రార్థనలో కొన్ని ముఖ్యమైన భాగాలు జనం లేకపోతే జరగనే జరగవు. పూజారి ఒక్కడూ లోపల కానిచ్చేస్తే మిగతావాళ్లు చూసి దణ్ణం పెట్టుకునే వీలు అక్కడ లేదు. అందుకే "జూమ్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా" అన్న మాట వినడానికి తేలికగా ఉన్నా, దాని వెనక రెండు వేల ఏళ్ల నాటి వాదనలన్నీ మళ్లీ లేచి కూర్చున్నాయి. ఆ చిక్కుముడి ఏమిటో, ఎవరు దాన్ని ఎలా విప్పుకున్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పది మంది సంగతి. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం, తెలుగు బైబిల్లో సమాజమందిరం అని కనిపించేదే. అక్కడ రబ్బీ ఉంటాడు, కానీ ఆయన పూజారి కాదు, చదువుకున్న గురువు. దేవుడికీ మనిషికీ మధ్య ఆయన నిలబడడు, ఆయన లేకపోయినా ప్రార్థన ఆగదు. ఆగేది పది మంది లేకపోతే. వయసొచ్చిన పది మంది ఒకచోట చేరితే దాన్ని మిన్యాన్ అంటారు. తొమ్మిది మంది రబ్బీలు చేరినా మిన్యాన్ కాదు, పది మంది చెప్పులు కుట్టుకునేవాళ్లు చేరితే అవుతుంది అని వాళ్లలో ఒక సామెత ఉంది. పాత నియమాల్ని ఉన్నదున్నట్టు పాటించే ఆర్థడాక్స్ యూదులు ఆ పది మందీ మగవాళ్లే అయ్యుండాలంటారు, మిగతా శాఖలు ఆడవాళ్లని కూడా లెక్కిస్తాయి. ఒంటరిగా ప్రార్థన చేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు, కానీ మిన్యాన్ లేకుండా తోరా (మోషే ధర్మశాస్త్ర గ్రంథం) చుట్టను తెరిచి సభలో చదవకూడదు, కొన్ని స్తుతులు చెప్పకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా, చనిపోయినవాళ్ల కోసం కొడుకులూ కూతుళ్లూ చెప్పే కద్దిష్ చెప్పకూడదు. ఈ కద్దిష్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ కథలో అసలు నొప్పి అక్కడే ఉంది.

2020 మార్చి మొదట్లో న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న న్యూ రోషెల్ అనే ఊళ్లో కరోనా కేసులు ఒక సినగాగ్ చుట్టూ అల్లుకున్నాయి. మార్చి 9 సాయంత్రం పూరీము పండుగ మొదలైంది, అంటే ఏడాదంతటిలో జనం గుమిగూడి తిని, తాగి, వేషాలు వేసే రోజు. మర్నాడే, మార్చి 10న, ఆ సినగాగ్ కేంద్రంగా ఒక మైలు మేర కట్టడి ప్రాంతంగా గవర్నర్ ప్రకటించాడు. ఆ వెంటనే, మార్చి 12న, పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని బెర్గెన్ కౌంటీ ఆర్థడాక్స్ రబ్బీలందరూ కలిసి తమ సినగాగులన్నీ మూసేస్తున్నామన్నారు. ప్రార్థన కోసం ఇళ్లలో కూడా చేరొద్దన్నారు. గమనించండి, ప్రభుత్వం చెప్పకముందే, నియమాల్లో అందరికంటే గట్టిగా ఉండేవాళ్లే ముందు తలుపులేశారు. దీనికి కారణం వాళ్ల ధర్మశాస్త్రంలోనే ఉంది. ప్రాణం కాపాడాల్సి వస్తే దాదాపు ఏ ఆజ్ఞనైనా పక్కన పెట్టొచ్చు. ఆజ్ఞలు బతకడానికి ఇచ్చినవి, చావడానికి కాదు అని బైబిల్ లేవీయకాండం 18వ అధ్యాయంలోని మాటకి తల్మూద్, అంటే పాత రబ్బీల వాదనలన్నీ కూర్చిన గ్రంథం, చెప్పే అర్థం అది. ఇది కొత్తగా పుట్టుకొచ్చిన తెలివి కూడా కాదు. 1831లో కలరా వచ్చినప్పుడు పోజ్‌నాన్‌లో రబ్బీ అకీవా ఎగర్ సినగాగ్‌లోకి ఒక్కో విడతకి 15 మందినే పంపమని, తెల్లవారగానే మొదలుపెట్టి విడతలు విడతలుగా కానివ్వమని, తోసుకు రాకుండా కాపలా పెట్టమని రాశాడు. సామాజిక దూరం అని మనం కొత్తగా నేర్చుకున్న పాఠాన్ని ఆయన అప్పుడే అమలు చేశాడు.

సరే, మూసేశారు. తర్వాత ఏం చేయాలి? ఇక్కడి నుంచి దారులు చీలాయి.

పాత నియమాల్ని అందరికంటే ఎక్కువగా సడలించుకున్న రిఫార్మ్ శాఖకి పెద్దగా ఇబ్బంది రాలేదు. వాళ్లు పది మంది లెక్కని అంత కచ్చితంగా పట్టుకోరు, వారం వారం వచ్చే విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు కరెంటు వాడకంపైనా వాళ్లకి కట్టడి లేదు. చాలా రిఫార్మ్ సినగాగులు అప్పటికే కొన్నేళ్లుగా ప్రార్థనల్ని లైవ్ పెడుతున్నాయి. మన్‌హాటన్‌లోని సెంట్రల్ సినగాగ్ లాంటి చోట్ల కెమెరాలు, వాటిని నడిపే మనుషులు ముందు నుంచే ఉన్నారు, కాబట్టి హాల్లో కుర్చీలు ఖాళీ అవ్వడం తప్ప ఏర్పాట్లలో వాళ్లు కొత్తగా మొదలుపెట్టాల్సింది తక్కువ.

ఇరుకున పడింది మధ్యలో ఉన్న కన్జర్వేటివ్ శాఖ. పేరు చూసి రాజకీయం అనుకోవద్దు, శాస్త్రాన్ని పాటిస్తూనే కాలానికి తగ్గట్టు అర్థం చెప్పుకోవాలనే వాళ్లు వీళ్లు. వీళ్ల ధర్మశాస్త్ర సంఘం ఈ ప్రశ్నని 2001లోనే తేల్చేసింది, అదీ వీడియో కాల్ అంటే ఏమిటో చాలామందికి తెలియని రోజుల్లో. రబ్బీ అవ్రామ్ రైస్నర్ రాసిన ఆ తీర్పు ప్రకారం ఇంటర్నెట్ మీద మిన్యాన్ ఏర్పడదు, పది మందీ ఒకే గదిలో ఉండాల్సిందే. కానీ అలా పది మంది ఒకచోట చేరిన తర్వాత, దూరంగా ఉండి వింటున్నవాడు ఆమేన్ అనొచ్చు, కద్దిష్‌లో గొంతు కలపొచ్చు.

ఈ తేడా పట్టుకుంటే మిగతా కథంతా విడిపోతుంది. పది మంది లెక్కలో ఒకడుగా ఉండటం ఒకటి, ఆ పది మంది చేసే ప్రార్థనలో పాలుపంచుకోవడం ఇంకొకటి. మొదటిదానికి ఒంటితో అక్కడ ఉండాలి, రెండోదానికి చెవి చాలు. పెసహీమ్ అనే తల్మూద్ గ్రంథంలో 85వ పత్రం మీద రబ్బీ యెహోషువా బెన్ లేవీ ఒక మాటంటాడు, ఇనప గోడ అడ్డమున్నా ఇశ్రాయేలుని పరలోకపు తండ్రి నుంచి వేరు చేయలేదని. ఎంత గొప్ప మాట. అయినా తర్వాతి పండితులు దాన్ని రెండోదానికే వర్తింపజేశారు: గోడవతల ఉన్నవాడు బదులు పలకొచ్చు గానీ పదిలో ఒకడు కాలేడు. తల్మూద్‌లోనే ఇంకోచోట అలెగ్జాండ్రియాలో ఉండిన ఒక బ్రహ్మాండమైన సినగాగ్ వర్ణన వస్తుంది. అది ఎంత పెద్దదంటే వెనక నిలబడ్డవాళ్లకి ప్రార్థన వినపడేది కాదట, మధ్యలో వేదిక మీద ఒకాయన జెండా ఊపితే అది చూసి అందరూ ఆమేన్ అనేవాళ్లట. వినకుండానే, ఒక సైగ చూసి కలిసి పలకడం. జూమ్ రోజుల్లో ఈ జెండాని తలుచుకోని రబ్బీ ఉండడేమో అనిపిస్తుంది నాకు.

మరి ఒంటితో అక్కడ ఉండటం అంటే ఎంత దగ్గరగా? దీనికి 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్రంలో ఒక కిటికీ ఉంది. సినగాగ్ వెనక వేరే కట్టడంలో ఒకడు నిలబడి ఉన్నాడు. మధ్యలో ఒక కిటికీ. అది కొన్ని అంతస్తుల ఎత్తున ఉన్నా సరే, వెడల్పు నాలుగు మూరలు లేకపోయినా సరే, అతను అందులోంచి ముఖం చూపిస్తే లోపలి తొమ్మిది మందితో కలిసి పదో మనిషి అవుతాడు. ముఖం కనపడాలి, అంతే. ఒక్కసారి ఆలోచించండి, జూమ్ తెర మీద ఉన్నవి ఏమిటి? చిన్న చిన్న చదరాలు, ఒక్కోదాంట్లో ఒక ముఖం.

2020 మార్చి 17న కన్జర్వేటివ్ ధర్మశాస్త్ర సంఘం అధ్యక్షులు రబ్బీ ఎలియట్ డార్ఫ్, రబ్బీ పమేలా బార్మాష్ తమ శాఖ రబ్బీలకి ఒక లేఖ రాశారు. ఇది ఆపత్కాలం. ఆపత్కాలంలో మామూలుగా ఆధారం చేసుకోని అభిప్రాయాన్ని కూడా ఆధారం చేసుకోవచ్చని శాస్త్రమే చెబుతోంది. కాబట్టి, ఒకరినొకరు చూస్తూ, ఒకరినొకరు వింటూ ఉన్న పది మందిని తెర మీదైనా సరే మిన్యాన్‌గా లెక్కించొచ్చు, ఏ ఊరి రబ్బీ ఆ ఊరికి నిర్ణయం తీసుకోవచ్చు. 2001 తీర్పు తప్పని వాళ్లు అనలేదు, దాన్ని కొట్టేయలేదు. ఈ కష్టం ఉన్నంతకాలం మాత్రమే అన్నారు. నాకు ఈ లేఖలో నచ్చింది అదే. నియమం ఎందుకు ఉందో తెలిసినవాళ్లు, దాన్ని ఎంతవరకు సడలించాలో, ఎక్కడ ఆపాలో ముందే చెప్పి మరీ సడలించారు.

ఆర్థడాక్స్ రబ్బీలు ఇందుకు ఒప్పుకోలేదు. ఆ కిటికీ అవతల ఉన్నది నిజమైన మనిషి, గాలి ఒకటే, గొంతు ఒకటే, తెర మీద ఉన్నది బొమ్మ, స్పీకర్‌లో వచ్చేది యంత్రం చేసిన ధ్వని అన్నారు. దీన్ని మొండితనం అనుకుంటే పొరపాటే. వాళ్లు తలుపులు తెరవలేదు, జూమ్‌లో మిన్యాన్ పెట్టలేదు, అంటే నెలల తరబడి ఆ ప్రార్థనల్ని పూర్తిగా వదులుకున్నారు. రోజుకి మూడు పూటలా సినగాగ్‌కి వెళ్లే అలవాటున్న మనిషికి అది చిన్న త్యాగం కాదు. తర్వాత నెమ్మదిగా, ఎవరి బాల్కనీలో, ఎవరి పెరట్లో, ఎవరి అరుగు మీద వాళ్లు నిలబడి, కళ్లతో చూసుకోగలిగేంత దూరంలో పది మందిని లెక్కపెట్టుకోవడం మొదలైంది. ఇజ్రాయెల్‌లో అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ స్థలంలో ఒకాయన గట్టిగా చదువుతుంటే నాలుగు వైపుల బాల్కనీల నుంచి ఆమేన్ వినపడేది. వీళ్లకి ఆధారం కూడా పాత కిటికీయే! ఒకే వాక్యం పట్టుకుని ఒకరు జూమ్‌కి, ఇంకొకరు బాల్కనీకి వెళ్లారన్నమాట.

ఇక సబ్బాతు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా పని చేయకూడదు. ఆర్థడాక్స్ పద్ధతిలో, చాలామంది కన్జర్వేటివ్ యూదుల పద్ధతిలో కూడా, స్విచ్ వేయడం, కంప్యూటర్ తెరవడం ఆ పనుల్లోకే వస్తాయి. జనం ఎక్కువగా వచ్చే రోజు అదే, కంప్యూటర్ ముట్టుకోకూడని రోజూ అదే. అందుకని చాలా సినగాగులు శుక్రవారం సాయంత్రపు పాటల్ని పొద్దు గూకకముందే జూమ్‌లో పాడుకుని, అందరికీ శుభం చెప్పి, కంప్యూటర్లు కట్టేసి దీపాలు వెలిగించుకునేవాళ్లు. శనివారం కూడా లైవ్ కావాలన్నవాళ్ల కోసం కన్జర్వేటివ్ సంఘం 2020 మేలో రబ్బీ జాషువా హెల్లర్ రాసిన పత్రాన్ని ఆమోదించింది. వీలైనంతవరకు అన్నీ శుక్రవారమే అమర్చి వదిలేయాలి, ఆ రోజున ఎవరూ మీటలు నొక్కే అవసరం రాకుండా చూసుకోవాలి అన్నది అందులో ముఖ్యమైన ఆలోచన.

కానీ అలా తెరిచి వదిలేసిన లింకుకి ఇంకో ప్రమాదం ఉంది. ఆ వసంతంలోనే జూమ్ మీటింగుల్లోకి ఎవరెవరో చొరబడి బూతులు, బొమ్మలు చూపించడం మొదలైంది, మార్చి 30న ఎఫ్‌బీఐ బోస్టన్ కార్యాలయం హెచ్చరిక కూడా జారీ చేసింది. యూదుల ప్రార్థనల్లోకి నాజీ గుర్తులతో, ద్వేషపు కేకలతో వచ్చినవాళ్లున్నారు. దీనికి మందు పాస్‌వర్డ్ పెట్టడం, వచ్చినవాళ్లని బయట గదిలో ఆపి ఒక్కొక్కరిని చూసి లోపలికి రానివ్వడం. మరి సబ్బాతు నాడు ఆ మీట ఎవరు నొక్కాలి? గుమ్మం దగ్గర కాపలా పెట్టుకునే అలవాటు ఆ సమాజానికి ఎప్పటినుంచో ఉంది, 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో కాల్పుల్లో 11 మంది చనిపోయాక మరీ ఎక్కువైంది. ఇంటి గదిలో కూర్చున్నా ఆ టెన్షన్ తప్పలేదంటే బాధగా ఉంటుంది.

ఏప్రిల్ 8 రాత్రి పస్కా. ఈ పండుగలో అసలు ఘట్టం సినగాగ్‌లో జరగదు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జరుగుతుంది. మూడు తరాలు ఒకచోట కూర్చుని, ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటపడిన కథ చెప్పుకుంటూ, చిన్నపిల్ల చేత ప్రశ్నలు అడిగించుకుంటూ తినే రాత్రి. ఆ ఏడాది తాతలూ అమ్మమ్మలూ ఒంటరిగా ఉన్నారు. ఇజ్రాయెల్‌లో ఎక్కువగా ఉత్తర ఆఫ్రికా మూలాలున్న 14 మంది రబ్బీలు మార్చి చివర్లో ఒక తీర్పిచ్చారు. పండుగ మొదలవకముందే కంప్యూటర్ ఆన్ చేసి పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకుండా, ఈ ఒక్కసారికి, పెద్దవాళ్లు జూమ్‌లో మనవల్ని చూస్తూ పండుగ చేసుకోవచ్చన్నారు. వాళ్లు చెప్పిన కారణం వినండి: ముసలివాళ్ల దిగులు పోవాలి, బతకాలన్న పట్టుదల వాళ్లలో నిలవాలి. ఒంటరితనాన్ని జబ్బుగా లెక్కగట్టి, జబ్బుకిచ్చే మినహాయింపునే దానికీ ఇచ్చారు. అప్పటి ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు డేవిడ్ లావ్, యిత్సాక్ యోసెఫ్ ఇద్దరూ దీన్ని తోసిపుచ్చారు, సంతకం చేసినవాళ్లలోంచి కూడా వెనక్కి తగ్గినవాళ్లున్నారు. ఒంటరితనం బాధాకరమే, కానీ దానికోసం పండుగ నియమం మీరకూడదన్నది పెద్దల మాట. నాకైతే ఆ 14 మంది వైపే మనసు మొగ్గుతుంది. ఆ ఏడాది ఆసుపత్రుల్లోనూ వృద్ధాశ్రమాల్లోనూ ఒంటరిగా పోయినవాళ్లని తలుచుకుంటే, ఒంటరితనం మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం కాదని అనలేం.

ఆ పండుగ మధ్యలోనే, ఏప్రిల్ 12న, జెరూసలేం పడమటి గోడ దగ్గర యాజకుల ఆశీర్వాదం జరిగింది. మామూలుగా పదుల వేల మంది వచ్చే చోట ఆ రోజు నిలబడింది పది మంది, అక్షరాలా ఒక మిన్యాన్. మిగతా ప్రపంచం లైవ్‌లో చూసింది.

ఇప్పుడు కద్దిష్. తల్లో తండ్రో పోతే పిల్లలు 11 నెలల పాటు రోజూ దీన్ని చెప్పాలి. అరామిక్ భాషలో చిన్న స్తుతి. విచిత్రం ఏమిటంటే అందులో చావు మాటే రాదు, చనిపోయినవారి ప్రస్తావనే లేదు. దేవుడి నామం గొప్పదగుగాక అని దుఃఖంలో ఉన్న మనిషి అంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఆ నామం ఎప్పటికీ స్తుతి పొందుగాక అని గట్టిగా బదులు పలుకుతారు. దాని ప్రాణమంతా ఆ బదులులో ఉంది. అందుకే ఒంటరిగా చెప్పరు. ఊళ్లో ఎవరికైనా కద్దిష్ చెప్పాల్సి ఉంటే, తమకి పనున్నా లేకపోయినా తెల్లవారుజామున లేచి సినగాగ్‌కి వెళ్లేవాళ్లుంటారు, ఆ మనిషికి పది మంది తక్కువ కాకూడదని.

కరోనాతో చనిపోయినవాళ్ల పిల్లలకే ఆ పది మంది దొరకలేదు. అంత్యక్రియలకి నలుగురైదుగురే, మిగతావాళ్లు ఫోన్ తెర మీద. తర్వాత ఏడు రోజులు ఇంట్లో కూర్చునే షివా కూడా జూమ్‌లోకి వెళ్లింది. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. షివాకి వెళ్లినవాళ్లు ముందు తాము మాట్లాడకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చుని ఉంటే, పక్కన కూర్చుని ఊరుకోవాలి, ఆ మనిషి నోరు విప్పితేనే మాట కలపాలి. ఊరికే పక్కన ఉండటమే అక్కడ ఓదార్పు. జూమ్‌లో ఇది కుదరదు. తెర మీద ఎవరూ మాట్లాడకపోతే లైన్ కట్ అయిందేమో అనిపిస్తుంది, ఎవరో ఒకరు "వినపడుతోందా?" అంటారు. అందుకని ఎవరో ఒకరు పెద్దరికం తీసుకుని ఒక్కొక్కరిని పిలిచి, పోయినవాళ్ల గురించి ఒక జ్ఞాపకం చెప్పమనే పద్ధతి వచ్చింది. దానిలో ఒక మేలు జరిగింది: చిన్నప్పటి స్నేహితులు, వేరే ఖండంలోని చుట్టాలు, మామూలుగా అయితే ఎప్పటికీ రాలేనివాళ్లు వచ్చి, పిల్లలకి తెలియని తల్లిదండ్రుల కథలు చెప్పారు. పోయింది మాత్రం ఆ మౌనం.

జూమ్ కద్దిష్‌లో కూడా ఇలాంటి చిక్కే. అందరి మైకులూ తెరిస్తే ఒక్కొక్కరి గొంతు ఒక్కో క్షణం ఆలస్యంగా వచ్చి గజిబిజి అయిపోతుంది. అందుకని దుఃఖంలో ఉన్నవాళ్ల మైకు మాత్రం తెరిచి మిగతావాళ్లని మ్యూట్‌లో పెడితే, ఆ మనిషికి బదులు వినపడదు, పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే. కొన్నిచోట్ల అందుకే కావాలనే అందరి మైకులూ తెరిచేశారు. గజిబిజి అయితే అయింది, బదులు వినపడాలి అన్నారు. ఆర్థడాక్స్ సమాజాల్లో, కద్దిష్ అసలు చెప్పలేని వారాల్లో, పోయినవాళ్ల పేరున మిష్నా (తల్మూద్‌కి మూలమైన పాత ధర్మశాస్త్ర సంకలనం) చదవడం, దానధర్మం చేయడం లాంటి పాత దారులు పట్టుకున్నారు. ఇవి అంతకుముందూ ఉన్నవే, కానీ ఇన్ని కుటుంబాలు ఒకేసారి వాటి మీదే ఆధారపడటం మామూలు సంగతి కాదు.

పాట సంగతీ ఇంతే. ప్రార్థనలో సగం పాటే. ఇంటర్నెట్ మీద పది మంది కలిసి పాడలేరు. అందుకని ఒక్కరే పాడటం, మిగతావాళ్లు ఇంట్లో మ్యూట్‌లో ఉండి గొంతు కలపడం. అలా గొంతు కలిపినవాళ్లకి తమ గొంతు, పాడే ఆయన గొంతు తప్ప పక్కవాడి గొంతు వినపడదు. ఎంత మంచి కెమెరా పెట్టినా ఈ లోటు పూడలేదు.

సెప్టెంబర్ నాటికి కొత్త సంవత్సరం, రోష్ హషానా వచ్చింది. ఇజ్రాయెల్‌లో రెండో లాక్‌డౌన్ సరిగ్గా ఆ పండుగ ముందు మధ్యాహ్నం, సెప్టెంబర్ 18న మొదలైంది. ఈ పండుగలో షోఫార్ అనే పొట్టేలు కొమ్ముబూర ధ్వని వినాలి, అదే ఆజ్ఞ. తెర మీద వింటే సరిపోతుందా? మిష్నాలో దీనికి దగ్గరగా ఒక వాక్యం ఉంది: గోతిలోకో, నూతిలోకో, పెద్ద జాడీలోకో బూర ఊదితే, బూర ధ్వని విన్నవాడికి ఆజ్ఞ నెరవేరినట్టు, ప్రతిధ్వని మాత్రమే విన్నవాడికి నెరవేరనట్టు. మైకులోంచి వచ్చేది ప్రతిధ్వని లాంటిదేనని చాలామంది పండితులు తేల్చారు. కానీ ఆ వాక్యం వెంటే ఇంకోటి ఉంది, సినగాగ్ వెనక నుంచి నడిచి వెళ్తున్నవాడికో, పక్కింటివాడికో ఆ ధ్వని వినపడి, మనసు పెట్టి వింటే చాలని. రబ్బీలు దీన్ని అందిపుచ్చుకున్నారు. వీధి మూలల్లో, పార్కుల్లో, కార్లు ఆపుకునే ఖాళీ స్థలాల్లో, అపార్ట్‌మెంట్ల కింద నిలబడి బూర ఊదారు, జనం కిటికీల్లోంచి విన్నారు. ఆ ఏడాది పండుగ మొదటి రోజు సబ్బాతు నాడు పడింది, ఆ రోజు నియమం పట్టింపు ఉన్నవాళ్లు బూర ఊదరు, కాబట్టి ఈ సందడంతా చాలావరకు రెండో రోజు ఆదివారం మీదే పడింది.

డబ్బు విషయం క్లుప్తంగా. అమెరికా సినగాగుల్లో హుండీ తిప్పరు, సబ్బాతు నాడు డబ్బు ముట్టరు. ఏటా సభ్యత్వ రుసుము కడతారు, పెద్ద పండుగలకి సీట్లు కేటాయిస్తారు. సీటే లేని ఏడాదిలో ఎవరైనా ఏ సినగాగ్ లైవ్ అయినా ఉచితంగా చూడొచ్చు, పెద్ద నగరపు సినగాగ్‌లో పాట బాగుంటే చిన్న ఊరివాళ్లు కూడా అటే చూస్తారు. చిన్న సమాజాలకి ఇది నిజమైన భయం. జీతాలివ్వడానికి ప్రభుత్వం ఇచ్చిన అప్పులు చాలామందిని నిలబెట్టాయి. దానికి తోడు, ప్రార్థన పుస్తకం, తేనె సీసా, కొవ్వొత్తులు సంచిలో పెట్టి సభ్యుల గుమ్మాల ముందు ఉంచి వెళ్లడం, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల పేర్లు రాసుకుని వంతులవారీగా ఫోన్ చేయడం చాలాచోట్ల జరిగింది. సమాజం చెదరకుండా ఉండటానికి లైవ్ ప్రార్థన కంటే ఈ ఫోన్లే ఎక్కువ పనికొచ్చాయని నేను నమ్ముతాను.

తెర మీదికి వెళ్లాక తగ్గకపోగా పెరిగింది ఒకటుంది, చదువు. దానికి మిన్యాన్ అక్కర్లేదు. తల్మూద్‌ని రోజుకో పత్రం చొప్పున 2,711 రోజుల్లో, అంటే ఏడేళ్లు దాటి చదివే పద్ధతి ఒకటుంది, దాని కొత్త ఆవృత్తి 2020 జనవరి 5న మొదలైంది. జనం ఉత్సాహంగా మొదలుపెట్టిన రెండు నెలలకే లాక్‌డౌన్. పాఠాలు ఆగలేదు, రాత్రికి రాత్రి జూమ్‌లోకి మారాయి. మార్చి 8 నుంచి ఆగస్టు దాకా చదవాల్సిన గ్రంథం ఏమిటో తెలుసా? షబ్బాత్. సబ్బాతు నాడు ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు అన్న గ్రంథం. కంప్యూటర్ తాకొచ్చా అని అందరూ వాదించుకుంటున్న నెలల్లోనే ఆ వాదనల మూలాల్ని కంప్యూటర్ మీద చదివారు. ఇందాక చెప్పిన ఇనప గోడ మాట ఉన్న పత్రం 2021 ఫిబ్రవరి 14న వచ్చింది, అప్పటికి ఇంకా చాలామంది గోడల అవతలే ఉన్నారు.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి ఒక చిన్న సమాజం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమని తాము పిలుచుకునే తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తూ, తమ సొంత సినగాగ్ కట్టుకుని ఉన్నారు. వాళ్ల చుట్టుపక్కల ఇంకో సినగాగ్ దొరకడం కష్టం. దూరం అనే సమస్య న్యూయార్క్‌వాళ్లకి 2020లో కొత్తగా వచ్చింది గానీ, ఇలాంటి మూలనున్న సమాజాలకి అది రోజూ ఉన్నదే. పాఠాలన్నీ తెర మీదికి రావడం వల్ల ఎవరికి ఎక్కువ మేలు అని ఆలోచిస్తే నాకు ముందు ఇలాంటి ఊళ్లే గుర్తొస్తాయి. అలాగే మెట్లెక్కలేనివాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువై జనంలోకి రాలేనివాళ్లు. సినగాగ్ వీళ్లందరికీ అంతకుముందు కూడా మూసే ఉంది, ఎవరూ గమనించలేదు. అందరికీ మూసుకుపోయినప్పుడు వాళ్లకి తెరుచుకుంది.

అందుకే తలుపులు మళ్లీ తెరిచాక వచ్చిన ప్రశ్న మూసేటప్పటికన్నా కష్టమైంది. ఆపత్కాలం ఎప్పుడు ముగిసింది? ఎవరు చెప్పాలి? టీకా వేయించుకున్న ఆరోగ్యవంతుడికి 2021లోనే ముగిసింది, కీమోథెరపీలో ఉన్న ఆవిడకి ముగియలేదు. చాలా కన్జర్వేటివ్ సినగాగులు పది మందీ గదిలో ఉండాలన్న పాత నియమానికి తిరిగి వెళ్లాయి, తెర మీదున్నవాళ్లు బదులు పలకొచ్చు గానీ లెక్కకి రారన్నాయి. కొన్ని మాత్రం తెర మీదివాళ్లనీ లెక్కిస్తూనే ఉన్నాయి. రెండు వైపులా న్యాయం ఉంది. తెర సరిపోతే ఎవరూ ఇల్లు కదలరు, కొన్నాళ్లకి గదిలో పది మంది కాదు కదా, ఇద్దరు కూడా ఉండరన్న భయం ఉత్తది కాదు. అలాగని ఏడాదిపాటు రోజూ పొద్దున్నే లింక్ తెరిచి, పదో మనిషిగా నిలబడి ఎవరి కద్దిష్‌నో ఆగకుండా కాపాడిన ముసలాయనకి, రేపటి నుంచి మీరు లెక్కలో లేరని చెప్పడం ఎంత కష్టం!

నా మటుకు నాకు 2001 తీర్పు చూపిన దారే మేలనిపిస్తుంది, ఒక షరతు మీద. గదిలో పది మంది ఉండాలి, నిజమే. కానీ ఆ పది మందినీ పోగేయడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పూచీ కావాలి. ఒక మామూలు మంగళవారం పొద్దున గదిలో తొమ్మిది మంది, తెర మీద ఆరుగురు ఉన్నారనుకోండి, ఆ ఆరుగురిలో ఒకావిడ తల్లి కోసం కద్దిష్ చెప్పాలి. అప్పుడు కంప్యూటర్ వైపు తిరిగి "ఈ రోజుకి కుదరదండీ" అనడం కాదు, ఎవరో ఒకరు బయటికెళ్లి రెండు వీధుల అవతల ఉన్నవాడికి ఫోన్ చేసి, లేపి, పిలుచుకు రావాలి. అతను వచ్చాక గదిలో ఒకరు కద్దిష్ మొదలుపెడితే ఆవిడ తన ఇంట్లోంచి గొంతు కలపొచ్చు, ఆ తీర్పు దానికి ఒప్పుకుంటుంది. అప్పుడు గదిలోని స్పీకర్ గట్టిగా పెట్టాలి, మైకు కూడా తెరిచి ఉంచాలి, ఆవిడకి బదులు వినపడాలి కదా.